సీఎన్‌సీ రౌటర్ కచ్చితత్వం కొనే ముందే ఎలా తేల్చుకోవాలి?

నమస్కారమండీ. మాది టేకు తలుపులు, మోడ్యులర్ కిచెన్ పని చేసే చిన్న వర్క్‌షాప్. 8×4 అడుగుల బెడ్ ఉన్న సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ ఫైలు ప్రకారం చెక్కను కోసే మెషిన్) కోసం చూస్తున్నాం. ఎవరిని అడిగినా "0.05 ఎంఎం అక్యురసీ సార్" అంటారు. అది ప్రతిసారీ అదే చోటికి తిరిగి రావడం గురించా, ఇచ్చిన కొలతకు సరిగ్గా కోయడం గురించా అంటే మాత్రం మాట దాటేస్తున్నారు. రెండూ ఒకటి కాదు కదా!

డెమోలో అందరూ వినాయకుడి బొమ్మే చెక్కి చూపిస్తారు. అందంగానే ఉంటుంది గానీ, అందులో అర మిల్లీమీటరు తేడా ఉన్నా కంటికి ఆనదు. అందుకే నా ఫైలే పట్టుకెళ్దామనుకుంటున్నా. ఎండీఎఫ్ షీటు మీద 2000×1000 ఎంఎం ముక్క కోయించి టేపుతో ఐమూల కొలుస్తా. రెండు వైపులా 2236 రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే గ్యాంట్రీ (బెడ్‌కు అడ్డంగా ఉండి బిట్‌ను మోసే దూలం) మూలమట్టంలో లేనట్టే. తర్వాత 100 ఎంఎం గుండ్రం కోయించి, నాలుగు దిక్కులా వెర్నియర్ పెడితే బ్యాక్‌లాష్ (దిశ మారినప్పుడు కదలికలో వచ్చే వదులు) కూడా బయటపడాలి.

ఇక్కడి నుంచి మీ సాయం కావాలి. టేకులో 6 ఎంఎం బిట్ లోతుగా పోతే బిట్టే కాస్త వంగుతుంది. ఆ తేడా బిట్‌దా, మెషిన్‌దా ఎలా విడదీయాలి? స్పిండిల్ (బిట్‌ను తిప్పే మోటారు) రనౌట్, అంటే తిరిగేటప్పుడు పక్కకు ఊగడం, డయల్ గేజ్‌లో ఎంత వరకు ఫర్వాలేదు? మెషిన్ కదలికకు ర్యాక్ అండ్ పినియన్ (పళ్ళ పట్టీ మీద నడిచే గేరు) సరిపోతుందా, బాల్ స్క్రూకే (బాల్స్ మీద నడిచే మర కడ్డీ) డబ్బు పెట్టాలా? వానాకాలంలో చెక్కే అంతకన్నా ఎక్కువ ఉబ్బుతుంది, 0.2 ఎంఎం కచ్చితత్వం చాలంటాడు మా మేస్త్రి. తలుపులకు సరే, కిచెన్ షట్టర్లలో (అల్మరా తలుపుల్లో) 35 ఎంఎం హింజ్ కప్పు రంధ్రాలకు కూడా అది చాలా? వాడుతున్నవాళ్ళు చెప్పండి.