యేసుకి పాపం చేయడం అసలు సాధ్యమేనా? శోధన నిజమైతే మరి ఎలా?

రాత్రిచదువు:
అందరికీ వందనాలు. బైబిల్ స్టడీలో దీని మీద గంట సేపు కొట్టుకున్నాం, తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. యేసు పాపం చేయలేదన్నదాంట్లో నాకు డౌట్ లేదు, హెబ్రీ 4:15 ఉంది కదా, "సమస్త విషయములలోను మనవలెనే శోధింపబడినను, ఆయన పాపము లేనివాడుగా ఉండెను" అని. నేనడిగేది చేశాడా లేదా అని కాదు, చేయగలిగేవాడా అని. చేయగలిగేవాడే అంటే దేవుడు పాపంలో పడే ఛాన్స్ ఉందని ఒప్పుకున్నట్టే. చేయలేడు అంటే ఆ 40 రోజుల ఉపవాసం, సాతాను రావడం, రాళ్లు రొట్టెలు అనడం, అదంతా ముందే ఫిక్స్ అయిన మ్యాచ్ అయిపోతుంది. మా లీడర్ గారు "దేవుడిగా చేయలేడు, మనిషిగా చేయగలడు" అని తేల్చేశారు గానీ నాకు దిగలేదు.

పాతబైబిల్:
యాకోబు 1:13 చూడండి బ్రదర్. "దేవుడు కీడు విషయమై శోధింపబడనేరడు." యేసు దేవుడు. ఇంక చర్చ ఏముంది?

గ్రీకుపిచ్చోడు:
అంత తొందరగా తాళం వేసేయకండి అన్నా. ఆ లెక్కన యేసుకి శోధనే రాలేదనాలి, హెబ్రీ పత్రికేమో వచ్చిందంటోంది. గ్రీకులో పెయిరాజో అనే మాటకి పరీక్ష పెట్టడం అనీ, పాపంలోకి లాగడం అనీ రెండు అర్థాలూ ఉన్నాయి. తెలుగులో మన శోధన కూడా అంతే, ఒంట్లో బాలేకపోయినా అప్పులపాలైనా "శోధనలో ఉన్నాం బ్రదర్, ప్రార్థన చేయండి" అంటాం, అందులో పాపం ఊసే ఉండదు. మత్తయి 4:7లో యేసే "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు" అన్నాడు, అంటే ఒక అర్థంలో మనుషులు దేవుణ్ణి శోధించగలరు, ఎడారిలో మస్సా అనే చోట నీళ్ల కోసం గొడవపడి ఇశ్రాయేలీయులు చేసింది అదే. యాకోబు చెప్పేది వేరే రకం, తర్వాతి వచనం చదవండి, "తన స్వకీయమైన దురాశచేత ఈడ్వబడి" అని ఉంటుంది. లోపల్నుంచి ఈడ్చే తాడు అది. యేసుకి వచ్చింది బయట్నుంచి.

రాత్రిచదువు గారూ, మీ లీడర్ గారు చెప్పింది వినడానికి బాగుంటుంది గానీ ప్రమాదం. స్వభావాలు పాపం చేయవండీ, వ్యక్తి చేస్తాడు. 451లో కల్సెదోనులో సంఘ పెద్దలు కూడిన కౌన్సిల్ చెప్పింది క్రీస్తులో దైవ, మానవ రెండు స్వభావాలు, ఒక్క వ్యక్తి అని. "మనిషి యేసు" పడిపోవచ్చు, "దేవుడు యేసు" పక్కన నిలబడి చూస్తుంటాడు అంటే ఇద్దరిని చేసినట్టే, 431లో ఎఫెసు కౌన్సిల్ నెస్తోరియస్ అనే బిషప్‌ని తప్పుపట్టింది అందుకే కదా.

సందేహమొకటి:
సరే ఒక్కడే వ్యక్తి. అయితే ఆ ఒక్కడు చేయగలిగేవాడే అంటాను నేను. ఇది ఎవరో లిబరల్ మాట కాదు, 19వ శతాబ్దంలో ప్రిన్‌స్టన్ సెమినరీలో పాఠాలు చెప్పిన చార్లెస్ హాడ్జ్, పక్కా సంప్రదాయవాది, ఆయనే అన్నాడు, పాపం చేసే అవకాశమే లేకపోతే అది శోధన కాదు, అప్పుడు మనతో సహానుభవం అన్నదీ ఉత్తదే అని. మందు వాసనే పడనివాడు లేచి పదేళ్లుగా నేను ముట్టలేదు అని సాక్ష్యం చెప్తే ఎవరైనా ఆమెన్ అంటారా?

పాతబైబిల్:
హాడ్జ్‌ని తెచ్చారు కాబట్టి విలియం షెడ్ అనే వేదాంతిని కూడా తెస్తా, అదే కాలం, ఆయనా హాడ్జ్‌లాగే ప్రెస్బిటేరియన్ సంఘం వాడే. ఇనప తీగ విడిగా ఉంటే చేత్తో వంచేయొచ్చు, దాన్నే ఇనప కడ్డీకి కలిపి అతికించేస్తే వంచడం ఎవడి తరమూ కాదు అన్నాడు. మానవ స్వభావం తీగ, దైవ స్వభావం కడ్డీ. ఓడించలేని సైన్యం మీద దాడి చేయకూడదని రూల్ ఏమీ లేదు కదా అని కూడా అన్నాడు.

సందేహమొకటి:
అతికించాక ఆ తీగకి వంగడం అంటే ఏంటో తెలుస్తుందా మరి? నా బాధ అదే. కడ్డీ బలం నాకు లేదు. నాలాంటి తీగ కోసం ఆయన వచ్చాడంటారు, వచ్చేటప్పుడు మాత్రం కడ్డీ తెచ్చుకున్నాడు.

చిన్నగొర్రె:
చాలాసేపట్నుంచి చదువుతున్నా, ఇప్పుడు రాయక తప్పట్లేదు. మీరందరూ "చేయలేడు" అన్న ముక్క దగ్గర జారుతున్నారు. తెలుగులో మనం రెండు రకాలుగా లేడు అంటాం. బస్తా ఎత్తలేడు అంటే బలం లేక. కన్నబిడ్డ గొంతు పిసకలేదు ఆ తల్లి అంటే? చేతుల్లో బలం లేక కాదు, చేతులు రావు. చేతులు రావు అనే మాట మనకి ఉంది చూడండి, ఈ గొడవంతా అందులోనే ఉంది. తల్లికి చేతులు రాలేదని ఆమె బందీ అనం, ఆమె ప్రేమ ఉత్తదే అనం, అసలు అదే ప్రేమ అంటాం. తీతు 1:2లో దేవుడు "అబద్ధమాడనేరని" వాడు, ఆయనకి స్వేచ్ఛ తక్కువైందా? పరలోకానికి చేరినవాళ్లు ఇంక పాపం చేయలేరని పాతకాలపు సంఘ పండితుడు అగస్టీన్ చెప్పాడు, అదే పెద్ద స్వేచ్ఛ అన్నాడు కూడా.

ఇక మ్యాచ్ ఫిక్సింగ్ గురించి. మొదటి శోధన దగ్గరగా చూడండి. రాళ్లని రొట్టెలు చేయమని సాతాను నన్ను అడిగితే నవ్వొస్తుంది, నావల్ల కాదు కాబట్టి. చేయగలిగేవాడికే అది శోధన. కడుపు నకనకలాడుతోంది, ఆకలి పాపం కాదు, రొట్టె పాపం కాదు, చేసే శక్తి నోట్లో మాటంత దగ్గర్లో ఉంది, అయినా తండ్రి చెప్పకుండా ఆ మాట అనడు. సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలోనూ అంతే, పట్టుకోడానికి వచ్చినప్పుడు నేను అడిగితే పన్నెండు సేనావ్యూహాల కంటే ఎక్కువ మంది దూతల్ని తండ్రి పంపడా అన్నాడు. బలం ఉంది. అడగడానికి నోరు రాలేదు. అందుకే సందేహం గారూ, మీ మందు ఎగ్జాంపుల్ సరిపోదు, వాసనే పడనివాడికి ఏ లాగుడూ లేదు, ఈయనకి ఆకలీ ఉంది, చావంటే వణుకూ ఉంది, చెమట రక్తపు బిందువుల్లా కారిందని లూకా రాశాడు. బరువు సగం దారిలో దించేసినవాడికి పూర్తి బరువు తెలీదు, ఇది పాత మాటే అనుకోండి.

గ్రీకుపిచ్చోడు:
చిన్నగొర్రె గారికి ఒక చిన్న తోక. గెత్సేమనే ప్రార్థనలో తండ్రితో "నా యిష్టము కాదు" అన్నాడంటే ఆయనకి మనిషి ఇష్టం అంటూ వేరే ఉందన్నమాటే. దీని మీద నిలబడే మాక్సిమస్ అనే సన్యాసి ఏడో శతాబ్దంలో చక్రవర్తితోనే తలపడ్డాడు, నాలుక, కుడిచెయ్యి కోసేశారు, 662లో ప్రవాసంలో పోయాడు. ఆయన పోయాక 680-681లో కాన్‌స్టాంటినోపుల్ కౌన్సిల్ ఆయన మాటే నిలబెట్టింది, క్రీస్తుకి రెండు చిత్తాలు, మానవ చిత్తం దైవ చిత్తానికి ఎదురు తిరగదు అని. చావుకి వెనకాడటం శరీరమున్న ఎవరికైనా సహజం, అది తిరుగుబాటు కాదు.

సందేహమొకటి:
చేతులు రావు బాగుంది, కాదనను. కానీ నా చేతులు వస్తాయి కదండీ, నాలో దురాశ ఉంది, ఆయనలో లేదు, అప్పుడు "మనవలెనే" ఎలా? ఎడ్వర్డ్ ఇర్వింగ్ అనే స్కాట్లాండ్ పాస్టర్ ఇదే పట్టుకుని క్రీస్తు తీసుకున్నది పడిపోయిన మానవ స్వభావమే అన్నాడు, రోమా 8:3లో "పాప శరీరాకారముతో" అని ఉంది కూడా. 1833లో స్కాట్లాండ్ చర్చి ఆయన్ని పదవిలోంచి తీసేసింది, నాకెందుకో ఆయన మీద జాలి.

పాతబైబిల్:
రోమా పత్రిక రాసిన పౌలు పాప శరీరం అనలేదు, దాని ఆకారము అన్నాడు, అదీ చూడండి. మునిగిపోయేవాణ్ణి లాగాలంటే వాడితో పాటు నీళ్లల్లోకి దిగాలి గానీ మునగక్కర్లేదు.

రాత్రిచదువు:
చాలా థాంక్స్ అందరికీ. లీడర్ గారికి కల్సెదోను సంగతి ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నా, పెద్దాయన, నొచ్చుకుంటారు. నాకు చేతులు రావు అన్నదే పట్టింది గానీ ఇప్పుడు ఇంకో ముల్లు గుచ్చుకుంది: లోపల దురాశ అంటూ ఏమీ లేనప్పుడే కదా ఆదాము ఆ పండు తిన్నాడు, మరి వాడికి చేతులెలా వచ్చాయి?

సందేహమొకటి:
హమ్మయ్య. ఇప్పుడు నా దారిలోకి వచ్చారు, కొత్త థ్రెడ్ వేయండి.