‘విచారణ’ అంటే కేసు కాదండీ: జ్ఞానాపురం పెళ్లికార్డు మీది ఒక మాట

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా ఒక మాట నన్ను వదలడం లేదు. మీ ముందు పెడుతున్నాను.

మా అన్నయ్య కూతురి పెళ్లి. కార్డు మీద “వివాహ దివ్యబలిపూజ: పునీత పేతురు ప్రధాన దేవాలయం, జ్ఞానాపురం విచారణ, విశాఖపట్నం” అని వేయించారు. (దివ్యబలిపూజ అంటే మాస్, పునీత అంటే సెయింట్.) ఆఫీసులో మా సెక్షన్‌లో అందరికీ పంచాను. పక్క సీటు ఆయన కార్డు రెండుసార్లు చదివి, గొంతు బాగా తగ్గించి “మేడమ్, ఏమీ అనుకోకండి, ఇంట్లో ఏదైనా కేసు నడుస్తోందా?” అని అడిగారు. నలుగురిలో అడిగితే నేను ఇబ్బంది పడతానేమోనని ఆయన జాగ్రత్త. విచారణ అంటే ఒక చర్చి పరిధిలో ఉండే కుటుంబాలన్నీ కలిసిన సంఘమనీ, ఇంగ్లీషులో పారిష్ అంటారనీ చెప్పాను. ఆయన టెన్షన్ తగ్గింది గానీ, “అలాగా! మరి ఆ మాటే ఎందుకు పెట్టుకున్నారు?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట. విచారణ గురువులు (అంటే ఫాదర్లు), విచారణ పండుగ, విచారణ పెద్దలు. తెలుగు కతోలికులం ఇద్దరం ఎక్కడ ఎదురుపడ్డా, ఊరి పేరు తర్వాత అడిగే ప్రశ్న “మీది ఏ విచారణ?” అనే. ఆ ప్రశ్నకి ఎప్పుడూ భయపడలేదు, ఎప్పుడూ ఆలోచించనూ లేదు. ఈ అర్థం ఎక్కడిది? చర్చి బయట ఎక్కడైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

మాస్టారు, విజయనగరం:

అమ్మా, అది మీవాళ్లు కొత్తగా పుట్టించిన అర్థం కాదు. పోలీసు స్టేషనూ కోర్టూ ఆ మాటని తమ సొంతం చేసుకున్నాక మనం మరిచిపోయాం, అంతే. మా చిన్నతనంలో ఉత్తరం చివర “అందరి యోగక్షేమములు విచారించినట్లు చెప్పవలెను” అని రాసేవాళ్లం. ఇప్పుడు ఫోన్‌లో “అడిగానని చెప్పు” అంటున్నామే, అదే. గుడి భూములూ, నిత్య నైవేద్యాలూ చూసుకునే పెద్దమనిషిని విచారణకర్త అనేవారు. “ఆ ముసలాయన్ని విచారించే దిక్కు లేదు” అంటే ఆయన్ని ప్రశ్నలు అడిగే పోలీసు లేడని అర్థం కాదు కదా! తిన్నావా, ఒంట్లో ఎలా ఉంది అని అడిగే మనిషి లేడని.

ఇంకొంచెం లోపలికి వెళ్తే, ధాతువు ‘చర్’. నడవడం, తిరగడం. సంచారం, ప్రచారం, ఆచారం అన్నీ ఆ ఇంటివే. విచారణా ఆ ఇంటిదే, ఉపచారమూ ఆ ఇంటిదే. ‘ఉప’ అంటే దగ్గరగా. వచ్చినవాళ్ల దగ్గరికి వెళ్లి కాళ్లకి నీళ్లు, కూర్చోడానికి పీట, తాగడానికి మజ్జిగ ఇవ్వడం ఉపచారం. పూజలో పదహారు ఉపచారాలంటాం చూడండి, ఆవాహనం, ఆసనం, పాద్యం, అర్ఘ్యం: రమ్మనడం, కూర్చోమనడం, కాళ్లకీ చేతులకీ నీళ్లివ్వడం. ఇంటికొచ్చిన చుట్టానికి చేసేవే అవన్నీ. ‘అతిథి’లో కూడా నడకే ఉంది. తిథి చెప్పకుండా వచ్చేవాడు అతిథి అని అందరం చెప్పుకుంటాం, వినడానికి బాగుంటుంది. కానీ తిరగడం అనే అర్థమున్న ‘అత్’ ధాతువు నుంచి వచ్చిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. నాకు అదే సరైనదనిపిస్తుంది. నడిచి వచ్చినవాడు అతిథి. వాడి దగ్గరికి నడిచి వెళ్లడం ఉపచారం. వాడి బాగోగులు తిరిగి తెలుసుకోవడం విచారణ.

గుంటూరు నుంచి, గురువిద్య (ఫాదర్ కావడానికి చదివే చదువు) చదువుకుంటున్న అబ్బాయి:

మాస్టారు గారూ, మీరు చెప్పింది చదివాక మా గ్రీకు క్లాసు గుర్తొచ్చింది. పారిష్ అనే ఇంగ్లీషు మాట లాటిన్ పరోకియా మీదుగా గ్రీకు ‘పరోయికియా’ నుంచి వచ్చింది. పర అంటే పక్కన, ఒయికోస్ అంటే ఇల్లు. పరోయికోస్ అంటే సొంత ఊరు కాని చోట, పరాయివాళ్ల ఇళ్ల పక్కన కాపురముండే మనిషి. అంటే పారిష్ అనే మాటకి మొదటి అర్థం పరదేశుల మకాం! పేతురు మొదటి లేఖ 2వ అధ్యాయం 11వ వచనంలో “మీరు పరదేశులును యాత్రికులునై యున్నారు” అన్నచోట పరదేశులు అన్నదానికి గ్రీకులో ఉన్నది ఈ మాటే. అక్కా, మీ జ్ఞానాపురం గుడి కూడా పునీత పేతురు పేరు మీదే ఉంది కదా. అదే లేఖలో 4వ అధ్యాయం 9వ వచనం కూడా చూడండి: “సణుగుకొనకుండ ఒకనికి ఒకడు ఆతిథ్యము చేయుడి.” ‘సణుగుకొనకుండ’ అన్న మాట వేసిన అనువాదకుడికి దండం పెట్టాలి. వంటింట్లోంచి వినబడీ వినబడకుండా వచ్చే ఆ గొంతు మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది.

ఇంకొకటి. 1983లో వచ్చిన శ్రీసభ (కతోలిక చర్చి) చట్టం 529వ నియమంలో విచారణ గురువు తనకి అప్పగించిన విశ్వాసుల్ని ఎరిగి ఉండాలని, కుటుంబాలను దర్శించాలని, వాళ్ల దిగుళ్లలో పాలు పంచుకోవాలని ఉంది. మాస్టారు గారు చెప్పిన విచారించడం అదే కదండీ. గ్రీకు మాట పరదేశి వైపు నుంచి చెబితే, మన తెలుగు మాట వాడిని అడిగేవాడి వైపు నుంచి చెప్పింది. ఒకదానికొకటి అనువాదం కాదు, అయినా రెండూ కలిపితేనే సంగతి పూర్తవుతుంది అనిపిస్తోంది నాకు.

గాజువాక నుంచి, ఆదివారం బడి మాస్టారు:

ఇలాంటిదే ఇంకో మాట. ‘వెంబడించు’. “నన్ను వెంబడించుము” అని యేసు ప్రభువు సుంకం వసూలు చేసే లేవీతో అన్న వచనం చెప్పి, వెంబడించడమంటే ఏమిటర్రా అని పిల్లల్ని అడిగాను. ఒక బాబు లేచి “కుక్క తరమడం సార్” అన్నాడు. వాడి తప్పేముంది? పేపర్లో దొంగల్నే వెంబడిస్తారు, టీవీలో కార్లే వెంబడిస్తాయి. వెంబడి అంటే వెంట. నాన్న వెంబడి పొలానికి, అమ్మమ్మ వెంబడి సంతకి. శిష్యుడంటే పాఠం అప్పజెప్పేవాడు అని మా పిల్లల లెక్క. సువార్తలో శిష్యుడు ముందు వెంట నడిచినవాడు. పాఠం దారిలో వచ్చింది. విచారణ కోర్టుకి పోయింది, వెంబడించడం కుక్కలకి పోయింది. మంచి మాటలు రెండూ మన చేతిలోంచే జారిపోయాయి, బాధగా ఉంది.

మధురవాడ నుంచి ఒక సభ్యురాలు:

అందరూ చెప్పింది బాగుంది గానీ, నిజం చెప్పనా? మా ఇంట్లో ఎవరూ విచారణ అనరు. పారిష్ అంటాం, పారిష్ ప్రీస్ట్ అంటాం. మా అపార్ట్‌మెంట్ పిల్లలకి ‘విచారణ’ అంటే సీబీఐ. కార్డు మీద పారిష్ అని తెలుగులో రాస్తే ఎవరికీ ఏ సందేహమూ రాదు కదా? భాష పేరు చెప్పి కష్టపడటం ఎందుకు?

శ్రీకాకుళం నుంచి ఒకరు:

మత్తయి సువార్త 25వ అధ్యాయంలో “దప్పిగొంటిని, నాకు దాహమిచ్చితిరి” అని ఉంటుంది. హైదరాబాద్‌లో మా మేనకోడలు “దాహం ఇవ్వడమేంటి మావయ్యా, దాహం తీర్చడం కదా?” అంది. మా వైపు గుమ్మంలోకి ఎవరొచ్చినా “కాస్త దాహం పుచ్చుకోండి” అనే అంటాం. దాహమంటే తాగే నీళ్లు కూడానమ్మా అని చెప్పాను. అక్కడికే ఆగిపోయాను, మీ చర్చ చూసి రాయాలనిపించింది.

మొదట అడిగిన నేనే మళ్లీ:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మాస్టారు గారి జవాబు ప్రింట్ తీసి మా సెక్షన్ ఆయనకి ఇచ్చాను.

మధురవాడ చెల్లికి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. అమ్మా, నువ్వన్నది నిజమే, నేనూ మామూలు మాటల్లో పారిష్ అనే అంటాను. కానీ కార్డు మీద విచారణ ఉండాలనే అంటాను. ఎందుకో నా అనుభవం చెబుతాను.

కొన్నేళ్ల కిందట నాకు ట్రాన్స్‌ఫర్ అయి వేరే ఊళ్లో ఉండాల్సొచ్చింది. ఊరి పేరు వద్దు. పెద్ద చర్చి, మంచి గాయక బృందం, అచ్చు తప్పు లేని పాటల పుస్తకం. అయిదు నెలలు ప్రతి ఆదివారం మూడో వరసలో అదే చోట కూర్చున్నాను. ఒక్కరు కూడా “మీరెవరు?” అని అడగలేదు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ముగింపు దీవెన అయిందో లేదో బయట బండ్లు స్టార్ట్ అయ్యేవి. ఆ అయిదు నెలలూ నేను పారిష్‌లో ఉన్నాను. విచారణలో లేను.

తిరిగి విశాఖ వచ్చాక కంచరపాలెంలో అద్దెకు దిగాం. మొదటి ఆదివారం పూజ అయ్యాక చెప్పులు వెతుక్కుంటుంటే ఒక పెద్దావిడ వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నారు. “ఏ ఊరమ్మా మీది? కొత్తగా వొచ్చేరేటి? పిల్లలెంతమంది?” అని వరసగా అడిగారు. అన్నిటికీ జవాబు విన్నారు కూడా. మంగళవారం సాయంత్రం తలుపు చప్పుడైంది. తీస్తే ఆవిడే. మూడు అంతస్తులు ఎక్కి ఆయాసం ఆగక, లోపలికి రాకుండా పై మెట్టు మీదే కూర్చున్నారు. చేతిలో కొంగుతో కట్టిన ములక్కాడలు నాలుగు, చెట్టునుంచి అప్పుడే కోసినట్టు తొడిమలు తడిగా ఉన్నాయి. నేను కంగారుపడి “ఫాదర్ గారు పంపారా అమ్మా?” అన్నాను. “ఎవరూ పంపలేదమ్మా. నేనే వొచ్చేను. ఊరికే, విచారిద్దామని” అన్నారు. నేను నీళ్లు తెచ్చేలోపు మా చిన్నవాడి ఒళ్లు చేత్తో చూసి “ఒళ్లు కాలుతోంది, మందేసేవా?” అని అడుగుతున్నారు. అప్పటిదాకా నాకు తెలియలేదు వాడికి జ్వరమని.

ఆవిడ ఇప్పుడు లేరు. ఆ మాట ఆవిడ నోట విన్నది ఆ ఒక్కసారే. మాస్టారు గారి జవాబు చదువుతుంటే ఆ మెట్టూ, ఆ ఆయాసమూ గుర్తొచ్చాయి. అందుకే మాట పోకూడదు చెల్లీ. మాట పోతే ‘విచారిద్దామని వచ్చాను’ అనే వాక్యమే పోతుంది, దాని స్థానంలో చెప్పడానికి మనకి ఇంకోటి లేదు. ‘విజిట్ చేద్దామని’ అంటే మెట్లెక్కిన ఆయాసం అందులో ఉండదు.

గాజువాక మాస్టారు శిష్యుడి మాట ఎత్తారు. మత్తయి 10లో ప్రభువు పన్నెండుమంది శిష్యుల్ని ఊళ్లకి పంపేటప్పుడు డబ్బు సంచీ వద్దంటారు, రెండో అంగీ వద్దంటారు. ఆ అధ్యాయం చివరి వచనంలో, శిష్యుడని “గిన్నెడు చన్నీళ్లు” ఇచ్చినవాడు తన ఫలం పోగొట్టుకోడు అంటారు. ఎన్నిసార్లు విన్నా గమనించనిది ఇప్పుడు కనబడింది. అక్కడ శిష్యుడు నీళ్లిచ్చేవాడు కాదు, పుచ్చుకునేవాడు. ముందు పరాయి గుమ్మంలో దాహం అడగడం నేర్చుకున్నాకే ప్రభువు వాళ్లని కాపరులుగా పెట్టారు. మత్తయి 25లోనే ఉన్న “పరదేశినై యుంటిని, నన్ను చేర్చుకొంటిరి” అన్న వచనంలో ఆ ‘చేర్చుకోవడం’ చూడండి. బడిలో చేర్చుకుంటాం, ఆసుపత్రిలో చేర్చుకుంటాం, అక్కున చేర్చుకుంటాం. ఈ మూడూ ఒకే క్రియ. (ఈ వచనాలు మా కతోలిక అనువాదంలోవి కావు, ఎక్కువ తెలుగు ఇళ్లలో ఉండే పాత బైబిల్లోవి.)

మా ఊరి కథ కూడా అదే. ఆల్ప్స్ కొండల పక్క అన్నెసీ పట్నం నుంచి పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు విశాఖ చేరింది 1846లో. భాష రాదు, ఎండ పడదు. వాళ్లని ఈ తీరం చేర్చుకుంది. 1886లో విశాఖ మేత్రాసనమైంది (ఒక బిషప్ పరిధి, ఇంగ్లీషులో డయోసిస్), 2001లో అగ్రపీఠమైంది (ఆర్చ్‌డయోసిస్). మేత్రాసనం ఊరికి ఏం ఇచ్చిందో చాలామంది చెబుతారు. ఊరు ముందు ఆ పరదేశులకి ఏం ఇచ్చిందో కూడా చెప్పుకోవాలనిపిస్తుంది నాకు. డిసెంబర్ 8న రాస్ హిల్ మీద కన్యమేరీ గుడి మెట్లు ఎక్కే జనంలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. ఆ కొండల వరసలోనే దర్గా ఉంది, వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. అక్కడ ఎవరినీ మీది ఏ విచారణ అని అడగరు.

పెళ్లి వచ్చే బుధవారం. మా సెక్షన్ ఆయన కుటుంబంతో వస్తానన్నారు. రైల్వే స్టేషన్ జ్ఞానాపురం వైపు గేటు దగ్గర దిగితే మా తమ్ముడు తీసుకొస్తాడని చెప్పాను. “చెప్పులు ఎక్కడ విప్పాలి? ప్రసాదం ఇచ్చేటప్పుడు మేమూ లైన్లో నిలబడొచ్చా?” అని అడిగారు. దివ్య సత్ప్రసాదం మా విశ్వాసంలోకి వచ్చినవాళ్లు మాత్రమే స్వీకరిస్తారని చెప్పాల్సొచ్చింది. అది మా విశ్వాసానికి గుండెకాయ, నేను కాదనలేను. కానీ ఇంత సేపూ చేర్చుకోవడం గురించి రాసి, ఆయనకి ఆ మాట చెప్పేటప్పుడు నాకు గొంతు తడబడింది. ఆయనే “అలాగేనండీ, మేం కూర్చునే ఉంటాం” అన్నారు, నేను ఇబ్బంది పడకుండా.

పూజలో వాళ్ల పక్కనే మా వదిన కూర్చుంటుంది, ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో చెప్పడానికి. భోజనాల్లో మొదటి పంక్తిలో వాళ్లకి ఎదురుగా నేను ఉంటాను. వాళ్లమ్మాయికి సాంబారులో ములక్కాడ ఇష్టమట, వంటాయనకి చెప్పి ఉంచాను.