రొయ్యల న్యోకీలో క్రీమ్ పోయొచ్చా, పోస్తే పాపమా?

టూరిన్_తెలుగోడు
టూరిన్‌లో చదువుకుంటున్నాను, ఫ్లాట్‌లో నాతోపాటు ఇద్దరు ఇటలీ కుర్రాళ్ళు. ఆదివారం బంగాళదుంప న్యోకీ ఇంట్లోనే చేసి, రొయ్యలు, స్క్విడ్ వేసి క్రీమ్ సాస్ పెడదామనుకుంటున్నా అన్నాను. ఒకడేమో క్రీమ్ పోస్తే తిననని మొహం మీదే చెప్పేశాడు. రెండోవాడికి క్రీమ్ ఓకే గానీ పైన చీజ్ తురిమితే ఊరుకోడట. ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ ఇంకో బాంబు పేల్చింది, రొయ్యలూ పాలూ కలిపి తింటే ఒంటి మీద తెల్లమచ్చలొస్తాయని. న్యోకీ తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, ఉడికించిన దుంపలో కాస్త మైదా కలిపి, చిన్న ముక్కలుగా కోసి, మరిగే ఉప్పునీళ్ళలో వేసి తీస్తారు, మీద ఏదో ఒక సాస్. వండే అలవాటున్నవాళ్ళు చెప్పండి, క్రీమ్ పోయనా వద్దా? పనిలో పనిగా, పిండిలో గుడ్డు వేయాలా అక్కర్లేదా?

రొయ్య_తలకాయ
వద్దు తమ్ముడూ. మీ ఫ్లాట్‌లోవాడు అన్నాడని కాదు, క్రీమ్ పోశాక రొయ్య రుచి ఎక్కడుందో వెతుక్కోవాలి కాబట్టి. సాస్ చిక్కగా ఉండాలి, అంతేగా? దానికి దారి రొయ్య తలకాయల్లోనే ఉంది, వాటినేమో మనం ఒలిచి చెత్తబుట్టలో పడేస్తాం. తలకాయలూ పెంకులూ కడిగి నీళ్ళు ఓడ్చి, ఆలివ్ నూనెలో పెద్ద మంట మీద బాగా ఎర్రబడేదాకా వేయించు. వేగేటప్పుడు గరిటె వెనకవైపుతో తలకాయల్ని గట్టిగా నొక్కితే లోపలున్న గుజ్జంతా నూనెలోకి దిగి నూనె నారింజ రంగుకి తిరుగుతుంది, ఆ వాసన వచ్చిందంటే సాస్ సగం అయిపోయినట్టే. ఒక ఉల్లిపాయ, ఒక టొమాటో వేసి, కొంచెం వైట్ వైన్ పోసి అది ఇగిరాక మునిగేంత నీళ్ళు పోసి 20 నిమిషాలు మరిగించి వడకట్టు. ఇంకా మరిగిద్దాం అనుకోకు, చేదు పడుతుంది. ఆ రసాన్ని సగానికి ఇగరబెట్టి, న్యోకీ ఉడికిన నీళ్ళు ఒక గరిటెడు, పచ్చి ఆలివ్ నూనె రెండు చెంచాలు పోసి గిలకొడితే తనే చిక్కబడుతుంది. ఇక క్రీమ్‌తో పనేముంది?

మీగడ_పార్టీ
తలకాయల రసం బాగుంటుంది, కాదనను. కానీ తలకాయ అన్నగారూ, ఒక విషయం మర్చిపోయారు. మీరు చెప్పే పద్ధతి స్పగెట్టీకి సరిపోతుంది. పెనంలో వేసి రెండు నిమిషాలు ఎగరేసి ఎగరేసి తిప్పితే పిండిపదార్థం, నూనె, రసం కలిసిపోతాయి. న్యోకీని అలా ఎగరేసి చూడండి, అంచులు చితికి సాస్ కాస్తా గుజ్జయి కూర్చుంటుంది. ఇంట్లో చేసినవైతే మరీ మెత్తన, వాటిని ఒకటి రెండుసార్లు పెనం ఊపి కలపాలి తప్ప తిప్పకూడదు. అంటే సాస్ ముందే చిక్కబడి రెడీగా ఉండాలి. ఆ పని ఏ గొడవా లేకుండా చేసేది క్రీమే. నలుగురికి 100 మిల్లీలీటర్లు చాలు, లీటరు డబ్బా ఒంపమని ఎవరూ అనట్లేదు.

ఇంకోటి, ఒలిచి ఫ్రీజ్ చేసిన రొయ్యలు కొనుక్కునే స్టూడెంట్‌కి తలకాయలు ఎక్కడినుంచి వస్తాయి?

సంప్రదాయం అంటారా, టూరిన్ ఉన్నది పీడ్‌మాంట్‌లో, వెన్నా క్రీమూ ధారాళంగా వాడే ప్రాంతం అది. ఫొంటీనా చీజ్ కరిగించి, తీగలు సాగేలా న్యోకీ మీద పోసే వంటకం అక్కడిదే. చేపల విషయానికొస్తే, 1980ల్లో ఇటలీ రెస్టారెంట్లలో క్రీమే రాజ్యమేలింది, పొగబెట్టిన సాల్మన్‌తో క్రీమ్ పెన్నె పాస్తా ఆ రోజుల గుర్తుగా ఇప్పటికీ చెప్పుకుంటారు. నీ ఫ్రెండ్ వాళ్ళ నాన్న కూడా తినే ఉంటాడు, అడగమను.

రొయ్య_తలకాయ
1980ల్లో తిన్నారు కాబట్టి బాగుంటుందనడం వాదన కాదండీ. ఆ రోజుల్లో అన్నిట్లోనూ క్రీమే, హ్యామ్ వేసినా క్రీమే, బఠాణీలు వేసినా క్రీమే, తినగా తినగా మొహం మొత్తి తర్వాత వాళ్ళే వెక్కిరించడం మొదలుపెట్టారు. న్యోకీ తిప్పితే చితుకుతుందన్న మాట మాత్రం నిజం. దానికే, నూనెతో గిలకొట్టడం పెనం దించి, న్యోకీ వేయకముందే చేయమంటున్నా. ఉడికిన నీళ్ళు పల్చగా ఉన్నాయనుకుంటే, వాటినే చిన్న గిన్నెలో పోసి విడిగా మరిగించండి. న్యోకీకి అంటిన పొడిపిండంతా ఆ నీళ్ళలోకే దిగుతుంది కాబట్టి ఐదు నిమిషాల్లో గంజిలా అవుతుంది.

తలకాయలు దొరక్కపోతే ఆల్చిప్పలు కొను తమ్ముడూ. మూతపెట్టి పెద్ద మంట మీద పెడితే మూడు నాలుగు నిమిషాల్లో నోళ్ళు తెరుచుకుని రసం వదుల్తాయి, తెరుచుకోనివి పారేయ్. ఆ రసం గుడ్డలో వడకట్టుకో, ఇసుక ఉంటుంది. ఉప్పు కూడా అందులోనే ఉంటుంది, వేరే వేయకు.

రాత్రిడ్యూటీ
అమ్మగారి మాట గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? ఆవిడ ఊరికే అన్న మాట కాదది. చేపలూ పాలూ కలిపి తినకూడదని చరక సంహితలో విరుద్ధాహారం కింద ఉంది, మన ఇళ్ళల్లో అది తెల్లమచ్చల భయంగా స్థిరపడింది. కానీ బొల్లి వచ్చేది తిండి కలపడం వల్ల కాదు. చర్మానికి రంగునిచ్చే కణాల మీద ఒంట్లోని రక్షణ వ్యవస్థే దాడి చేయడం వల్ల ఆ మచ్చలొస్తాయి. చేపా పాలూ కలిపి తింటే బొల్లి వస్తుందనడానికి ఆధారం లేదు. ఇటలీలోనే విచెంజా అనే ఊరి పేరు మీద ఒక వంటకం ఉంది, ఎండబెట్టిన కాడ్ చేపని ఉల్లిపాయలు, ఆలివ్ నూనె, పాలు పోసి గంటల తరబడి సన్నని సెగ మీద ఉడికిస్తారు. తరాలుగా తింటున్నారు.

నిజంగా టెన్షన్ పడాల్సింది రొయ్యల అలర్జీ గురించి. వచ్చేవాళ్ళని ముందే అడుగు. పెదాలు వాచడం, ఊపిరి ఆడకపోవడం దాకా వెళ్తుంది, అదే గరిటె ఇంకో గిన్నెలో పెట్టినా చాలు కొందరికి.

పుట్టింటి_పెత్తనం
డాక్టర్ గారూ మీరు చెప్పింది సరే, కానీ ఆ అమ్మతో ఫోన్‌లో చరక సంహిత గురించి వాదించేది ఎవరు? క్రీమ్ వేశానని చెప్పకు బాబూ, సరిపోతుంది.

బారి_రేవు
చీజ్ వద్దన్న రెండోవాడి సంగతి నేను చెప్తా, దక్షిణ ఇటలీలో ఓడల కంపెనీలో పని చేశాను. చేపల మీద చీజ్ కూడదన్నది గట్టి నియమమే, అయితే అది పాటించని ఊళ్ళూ అక్కడే ఉన్నాయి. బారిలో తియెల్లా అని బియ్యం, బంగాళదుంప చక్రాలు, ఆల్చిప్పలు పొరలు పొరలుగా పేర్చి ఓవెన్‌లో పెడతారు, అందులో పెకొరినో చీజ్ దండిగా పడుతుంది. ఇప్పుడు డాక్టర్ గారు చెప్పిన విచెంజా చేపలోనూ చీజ్ పడుతుంది. నాకు అర్థమైనంతలో, ఆల్చిప్పలు, ఎండుచేప లాంటి ఘాటైనవి చీజ్‌కి తట్టుకుంటాయి. రొయ్య తియ్యగా, సున్నితంగా ఉంటుంది, చీజ్ పడితే ఇక అంతే. క్రీమ్ వేసి మళ్ళీ చీజ్ కూడా వేస్తే ఉప్పు మీద కొవ్వు, కొవ్వు మీద ఉప్పు. క్రీమ్‌కి నాకు అభ్యంతరం లేదు, చీజ్‌కి ఉంది. కరకరలాడేది ఏదైనా కావాలంటే బ్రెడ్ పొడి ఆలివ్ నూనెలో వెల్లుల్లితో వేయించి చల్లు, అక్కడి పేదవాళ్ళు చీజ్ బదులు అదే చల్లుకునేవాళ్ళు.

ఆలుగడ్డ_అక్క
అందరూ సాస్ గురించే కొట్టుకుంటున్నరు. అసలు న్యోకీ రబ్బరులా ఉంటే మీద అమృతం పోసినా ఎవరు తింటరు? ముందు దుంప చూడండి. కొత్త ఆలుగడ్డ పనికిరాదు, నీళ్ళెక్కువ. పాతబడ్డ, పిండి ఎక్కువున్న దుంప కావాలె. మన దగ్గరైతే చిప్స్‌కి వాడే చిప్సోనా రకం దొరికితే మంచిది. కోల్డ్ స్టోరేజీ నుంచి అప్పుడే వచ్చిన దుంప తియ్యగా ఉంటది, అది తీసుకోవద్దు. తొక్కతోనే ఉడకపెట్టాలె, తొక్క తీసి ముక్కలు కోసి ఉడకపెడితే నీళ్ళు తాగుతది. చేతులు కాలుతున్నా సరే వేడి మీదే తొక్క తీసి జంతికల గొట్టంలో పెట్టి వత్తాలె, సన్న కారప్పూస చిల్లుల బిళ్ళ వేసి. దాని కోసమని వేరే సామాను కొనాల్సిన పని లేదు. వత్తింది పళ్ళెంలో పరిచి ఆవిరి పోనియ్యాలె. మిక్సీలో మాత్రం వేయొద్దు, బంకలా సాగుతది, ఇక దాన్ని ఎవరూ బాగుచేయలేరు.

కిలో దుంపకి పావుకిలో మైదా, మహా అయితే 300 గ్రాములు. పిండి మొత్తం ఒకేసారి గుమ్మరించొద్దు. చపాతీ పిండి లాగ పిసకొద్దు, దగ్గరికి వచ్చిందా ఆపేయాలె. ఎంత పిసికితే అంత సాగుతది, అంత గట్టిపడతది. ముందుగా రెండు ముక్కలు మరిగే నీళ్ళలో వేసి చూస్తే తెలిసిపోతది, విడిపోతే ఇంకో గుప్పెడు మైదా, లేకుంటే అట్లనే కోసుకోవచ్చు. పైకి తేలినయా, చిల్లుల గరిటెతో తీసెయ్యాలె.

గుడ్డు? అక్కర్లేదు. గుడ్డు వేస్తే పిండి తడి అయితది, తడి అయితే ఇంకా మైదా కావాలె, అప్పుడు తినేది ఆలుగడ్డ కాదు, మైదానే.

మీగడ_పార్టీ
అక్కా, దుంప సంగతి సూపర్‌గా చెప్పారు, జంతికల గొట్టం ఐడియాకి దండం. గుడ్డు మాత్రం తీసిపారేయకండి. ఇటలీ ఇళ్ళల్లోనే సగం మంది వేస్తారు, సగం మంది వేయరు. మొదటిసారి చేసే కుర్రాడికి, అదీ సూపర్‌మార్కెట్‌లో ఏ రకమో తెలియని దుంపతో, కిలోకి ఒక గుడ్డు, అందులోనూ పచ్చసొన మాత్రమే అయినా సరే, వేస్తే ముక్కలు నీళ్ళలో విడిపోవు. పదిమంది ముందు గిన్నెలో గంజి తేలడం కన్నా కాస్త గట్టి న్యోకీ నయం కదా.

ఆలుగడ్డ_అక్క
దుంప బాగుంటే విడిపోదు. దుంప బాగలేకుంటే ఆ రోజు న్యోకీ మానేసి వేపుడు చేసుకోవాలె.

అమీర్‌పేట_హాస్టల్
హైదరాబాద్‌లో చేసేవాళ్ళకి ఒక హెచ్చరిక. మన దగ్గర టెట్రా ప్యాక్‌లో వచ్చే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే, విదేశీ వంటల వీడియోల్లో వాడేది 35 శాతం పైన. వైన్ బదులు నిమ్మకాయ పిండి, దాని మీద ఈ క్రీమ్ పోసి తెర్లనిచ్చారంటే విరిగి పలుకులు పలుకులుగా కనిపిస్తుంది. పులుపు పూర్తిగా ఇగిరాక, స్టౌ ఆపి పోయాలి, పోశాక మరిగించొద్దు. నిమ్మకాయ కావాలంటే పైపైన తొక్క తురుము వేసుకోండి, రసం వద్దు. నా ఓటు క్రీమ్‌కే.

గుర్తుతెలియని_గరిటె
రోమ్‌లో ఒక సామెతుంది, గురువారం న్యోకీ, శుక్రవారం చేప అని. అక్కడ చాలా హోటళ్ళలో గురువారం న్యోకీ చేయడం ఇప్పటికీ ఉంది. అంటే ఈ రెంటినీ పక్కపక్క రోజుల్లో పెట్టారు గానీ ఒకే పళ్ళెంలో పెట్టలేదు. గురువారం రాత్రి 12 దాటాక తింటే ఎవరికీ గొడవ ఉండదు.

బారి_రేవు
హహ. కానీ సముద్రతీరం ఊళ్ళల్లో ఆల్చిప్పలతో, రొయ్యలతో న్యోకీ బాగానే తింటారు, కాకపోతే ఎక్కువగా టొమాటోతో. న్యోకీ మెత్తన, క్రీమ్ మెత్తన, రొయ్య మెత్తన, నాలుగు ముద్దలకే విసుగొస్తుంది, అసలు సమస్య అదే అనుకుంటా. అందుకని స్క్విడ్ మాత్రం మానకు, దానికి పంటికింద పట్టు ఉంటుంది. రెండు నిమిషాలకి మించి మంట మీద ఉంచితే తోలైపోతుంది. రొయ్యలు పక్కకి తీసి చివర్లో కలుపు.

రొయ్య_తలకాయ
చూశారా, క్రీమ్ పార్టీవాళ్ళే విసుగొస్తుందని ఒప్పుకుంటున్నారు.

మీగడ_పార్టీ
బారి గారు మా పార్టీలో ఎప్పుడు చేరారు సార్? ఆయన టొమాటో పార్టీ. తమ్ముడూ, ఇలా చెయ్. న్యోకీ అందరికీ ఒకటే. సాస్ రెండు పెనాల్లో పెట్టు, రసం మాత్రం ఒకటే, ఒకదాంట్లో క్రీమ్ కలుపు. అడిగినవాడికి అడిగింది వడ్డించు.

రొయ్య_తలకాయ
క్రీమ్ లేనిది ముందు అయిపోతుంది, రాసిపెట్టుకోండి.

కొత్తకాపురం
లేటుగా వచ్చాను, సారీ. ముందురోజు రాత్రే న్యోకీ చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చా అండీ? ఆదివారం పొద్దున్న మాకు గుడికి వెళ్ళే పనుంది.

ఆలుగడ్డ_అక్క
ఫ్రిజ్‌లో వద్దమ్మా, పొద్దున్నకి తడి వదిలి ఒకదానికొకటి అతుక్కుపోతయి. పళ్ళెంలో మైదా చల్లి, ఒకదానికొకటి తగలకుండా పేర్చి ఫ్రీజర్‌లో పెట్టు. గట్టిపడ్డాక కవర్‌లో వేసుకోవచ్చు. వండేటప్పుడు ఐసు కరగనియ్యకుండా అట్లనే తీసి మరిగే నీళ్ళలో వెయ్యి, కొన్ని కొన్నిగా, లేకుంటే నీళ్ళు చల్లారిపోతయి. గుడ్డు వెయ్యకు.