వాటర్‌షెడ్ మీద ఎం.టెక్ చేస్తానంటే మా నాయన నవ్వుతున్నాడు. ఏం చెప్పాల?

కళ్యాణదుర్గం కుర్రోడు:
అందరికీ నమస్తే. బి.టెక్ అగ్రికల్చరల్ ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నాను. గేట్ రాశాను, స్కోరు పర్వాలేదు. నేల, నీటి వైపు పోదామని ఉంది, అంటే ఒక వంకలోకి పారే నేలంతటి మీదా వాననీళ్లు ఆపి ఇంకించే వాటర్‌షెడ్ పని. బాపట్లలో సాయిల్ అండ్ వాటర్, ఖరగ్‌పూర్‌లో ల్యాండ్ అండ్ వాటర్, రూర్కీలో హైడ్రాలజీ, ఈ మూడింటి మధ్య ఊగుతున్నాను.

ఇంట్లో ఈ మాటెత్తితే మా నాయన నవ్వినాడు. "మన వంక మీద నాలుగు చెక్ డ్యాములు కట్టినారు. రెండిట్లో ఇసుక నిండింది. ఒకటి పక్కన కోసుకొని పోయింది. నాలుగోదాని బండ మీద మనం సెనక్కాయలు ఎండేసుకుంటాండాం. దీనికి ఇంకా రెండేండ్లు సదవాల్నా?" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు.

క్లాసులో చాలామంది, జీఐఎస్ (కంప్యూటర్లో మ్యాపుల పని), స్వాట్ (వాననీళ్లు ఎంత పారతాయో లెక్కేసే సాఫ్ట్‌వేర్) వస్తే చాలు, పొలాల వెంట తిరిగే పనే లేదంటున్నారు. నిజమేనా? ఉద్యోగాల సంగతి కూడా చెప్పండి.

మ్యాపుల మారాజు:
తమ్ముడూ, సూటిగా చెప్తా. క్యూజీఐఎస్, స్వాట్, కాస్త పైథాన్ నేర్చుకో. నేను హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీలో ఉన్నా. ఏసీ గదిలో కూర్చునే ఎన్నో రాష్ట్రాల వాటర్‌షెడ్లకి రిపోర్టులు రాశాం. ఏ కాలేజీ అని ఎవరూ అడగరు, మోడల్ నడపగలవా అనే అడుగుతారు.

పదునువాన:
తమ్ముడూ, మీ నాయనకు జవాబు చెప్పాల్సింది నువ్వు కాదు, మేము. ఆ నాలుగింట్లో ఒకదానికి అంచనా వేసింది నేనే అయ్యుండొచ్చు.

ఎం.టెక్ అవగానే మీ అనంతపురం జిల్లాలోనే ఒక వాటర్‌షెడ్ ప్రాజెక్టులో చేరాను. హెక్టారుకు 12 వేల రూపాయల లెక్కన నిధులొచ్చే రోజులవి. 500 హెక్టార్ల పరీవాహకం, చేతిలో కొత్త ల్యాప్‌టాప్, అందులో మట్టి మ్యాపు, వాలు మ్యాపు, పంటల మ్యాపు. అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి కర్వ్ నంబరు 80 అని తేల్చాను. ఆ అంకె ఎంత పెద్దదైతే వాననీళ్లు అంత ఎక్కువ ఇంకకుండా పారిపోతాయని అర్థం. ఒక్క రోజులో 60 మి.మీ. వాన పడితే వంకలోకి ఎంత పారుతుంది? సూత్రంలో వేస్తే 20 మి.మీ. వచ్చింది. ఒక హెక్టారు మీద ఒక మి.మీ. అంటే పది ఘనపు మీటర్లు కాబట్టి మొత్తం లక్ష ఘనపు మీటర్లు. దానికి తగ్గట్టు చెక్ డ్యాములు గీశాను, సంతకం పడింది, కట్టేశారు.

ఆ ఆగస్టులో సరిగ్గా అంత వానా పడింది. రాత్రంతా నిద్ర లేదు, మరవ (నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు) పారుతుందో, పక్క కట్ట కోసుకుపోతుందో అని. తెల్లారకముందే బండేసుకొని పోయాను. చెక్ డ్యాంలో మోకాలి లోతు నీళ్లు. గొర్రెలు దిగి తాగుతున్నాయి. కాపరి ముసలాయన గట్టు మీద కూర్చొని బీడీ కాలుస్తున్నాడు. "ఇంత వానకి ఇన్నేనా నీళ్లు?" అన్నాను ఉండబట్టలేక. "నేల ఇరవై దినాల్నుంచి నోరు తెరుచుకోనుండాది సార్. ముందు అది తాగొద్దా?" అన్నాడు.

ఆయన మాట పుస్తకంలోనూ ఉంది, నేనే ఆ పేజీ తిప్పేశాను. పంట కాలంలో వానకు ముందు అయిదు రోజుల్లో 36 మి.మీ. కన్నా తక్కువ పడుంటే నేల పొడిగా ఉన్నట్టు లెక్క. అప్పుడు 80 నంబరు 63కి దిగుతుంది. మళ్లీ వేసి చూడు: అదే 60 మి.మీ. వానకు పారేది 5 మి.మీ. లక్ష ఘనపు మీటర్లు పాతిక వేలకు పడిపోయాయి. మన జిల్లాలో ఏడాదంతా కలిపి పడేదే 550 మి.మీ. చుట్టుపక్కల, అదీ వారాల తరబడి ఎడం ఇచ్చి పడుతుంది. 80 నంబరు వెనక పుస్తకం అనుకునే 'మామూలు తేమ' మనకు ఏ ఏడాదికో తగిలే అదృష్టం. సాఫ్ట్‌వేర్‌ది తప్పేం లేదు, నేనిచ్చిన 80నే అది నమ్మింది. మారాజు గారూ, ఏసీ గదిలో ఈ సంగతి చెప్పే గొర్రెలకాపరి ఉండడు.

ఇంకొకటి దీనికన్నా ఎక్కువ బాధపెట్టింది. మరో ప్రాజెక్టులో పద్ధతిగా పైనుంచే మొదలుపెట్టాం. గుట్ట వాలుకు అడ్డంగా ఒకే మట్టంలో తవ్వే కాంటూరు కందకాలు, వంక తలల్లో రాతి కట్టలు, కింద ఊట కుంటలు. ఎగువ ఊళ్లో బోర్లు తేరుకున్నాయి, మాకు దండలు పడ్డాయి. దిగువ ఊరి చెరువు మాత్రం మూడేళ్లు మరవ పోలేదు. ఆ ఊరి పెద్దమనుషులు వచ్చి ఆఫీసు అరుగు మీద కూర్చున్నారు. "మా నీళ్లు ఆపినారు" అన్నారు. ఆపామో, వానలే తగ్గాయో, చెరువులోకి వచ్చే కాలవ పూడిందో చెప్పడానికి మా దగ్గర ఒక్క కొలత లేదు. పని మొదలుకాకముందు ఆ వంకలో ఎంత పారేదో ఎవరం కొలవలేదు. నాలుగు కోట్ల పనికి నాలుగు వేల వానమాపకం పెట్టలేదు.

అందుకని కాలేజీ విషయంలో నేను చెప్పేది ఒకటే. అక్కడ చదువుతున్న సీనియర్‌కి ఫోన్ చేసి, "మీ థీసిస్‌కి నీళ్లు మీరే కొలిచారా, వెబ్‌సైట్ నుంచి దించుకున్నారా?" అని అడుగు. రూర్కీలో హైడ్రాలజీ చదువు 1972 నుంచి ఉంది, 1978లో పెట్టిన జాతీయ జలవిజ్ఞాన సంస్థ కూడా ఆ ఊళ్లోనే ఉంది. వరదలు, హిమాలయ నదులు, పెద్ద లెక్కలు అయితే అక్కడికే పో. మీ నాయన చూపించిన వంకే నీ సబ్జెక్టు అనుకుంటే బాపట్ల, ఖరగ్‌పూర్ తక్కువేం కాదు. ఖరగ్‌పూర్, రూర్కీ ఐఐటీల్లో గేట్‌తో చేరితే నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది, ఇంటిమీద బరువు పడదు.

కొలవడం పెద్ద చదువు అనుకోకు. ఉమ్మడి రాష్ట్రంలో ఏడు జిల్లాల్లో రైతులే వానమాపకాలు చూసి, బోరు నీటిమట్టాలు రాసుకొని, రబీకి ముందు ఊరంతా కూర్చొని నీళ్ల పద్దు వేసుకున్నారు. ఆ ప్రాజెక్టు పేరు ఏపీఫామ్స్, వెతుకు. నేను ఎం.టెక్‌లో నేర్చుకోనిది ఆ రైతుల గోడ పట్టికల్లో చూశాను.

బోరుబావి అక్క:
పైన పదునువాన తమ్ముడు చెప్పిందంతా నేల పైన పారే నీళ్ల గురించి. కింద సంగతి నేను చెప్తా. ఎమ్మెస్సీ జియాలజీ చేశాను, పదేళ్లుగా బోర్ల మట్టాలు చూడటమే నా పని.

మీది గ్రానైటు నేల బాబూ. గట్టి బండ పైన చివికిన రాయి ఉండే గరుసు పొరలో నీళ్లు పట్టే చోటు నూటికి రెండు పాళ్లు అనుకో. అంటే బోరులో మట్టం మీటరు పెరిగితే ఊరికి దక్కింది 20 మి.మీ. నీరే. 1997 నాటి భూగర్భజల అంచనా పద్ధతిలో బంకమన్ను తక్కువున్న గ్రానైటు గరుసుకి వానలో 11 శాతం ఇంకుతుందని పెట్టుకున్నారు. 550 మి.మీ.కి అది అటూ ఇటూగా 60. మహా అయితే మట్టం మూడు మీటర్లు పెరుగుతుంది. దాన్ని పది మోటార్లు ఎన్నాళ్లలో తోడేస్తాయో మీ నాయనకే బాగా తెలుసు. చెక్ డ్యాం నిండిందని ఫొటోలు దిగేవాళ్లు ఈ లెక్క వెయ్యరు.

ఉద్యోగం మాట: కేంద్ర భూగర్భజల బోర్డులో హైడ్రోజియాలజిస్టు పోస్టులు యూపీఎస్సీ జియో సైంటిస్టు పరీక్ష ద్వారా వస్తాయి, వాటికి జియాలజీ వైపు పీజీ కావాలి. మీ డిగ్రీతో కుదరదు, ఆశ పెట్టుకోవద్దు. ప్రకటనలో అర్హతల పేరా చదవకుండా కోచింగ్‌కి డబ్బు కట్టినవాళ్లని చూశాను.

మ్యాపుల మారాజు:
36 మి.మీ. సంగతి ఒప్పుకుంటున్నా. రేపు ఆఫీసులో మా పాత ఫైలు ఒకటి తెరిచి చూడాలి. భయంగానే ఉంది.

కళ్యాణదుర్గం కుర్రోడు:
అన్నా, అక్కా, మీరు రాసిందంతా రాత్రి మా నాయనకు చదివి వినిపించాను. గొర్రెలకాపరి దగ్గర నవ్వినాడు, చెరువు దగ్గర ఏం మాట్లాడలేదు. కాసేపాగి అటకెక్కి సున్నం డబ్బాల వెనకనుంచి క్యాలెండర్లు దించినాడు. ఎనిమిదేండ్లవి. వాన పడిన తారీకు చుట్టూ పెన్సిలుతో సున్నా, దుక్కికి పదునైతే సున్నాలో చుక్క. పక్కనే మోటారు ఎన్ని గంటలు ఆడింది, ఎన్నో గంటకి నీళ్లు తగ్గి గాలి కొట్టింది, అన్నీ రాసి పెట్టినాడు. ఇరవై రెండేండ్లుగా ఆ ఇంట్లో ఉంటూ అటక మీద ఇవి ఉన్నాయని నాకు తెలీదు. "కరెంటోళ్లతో తగువొస్తే సూపిద్దామని రాసినా లే" అంటాడు.

మిల్లీమీటర్లు మాత్రం లేవు. ఇప్పుడు వానమాపకం పెడితే పాతవాటితో జత కుదురుతుందా?

పదునువాన:
కుదురుతుంది. ఇకమీద పడే వానలకు మి.మీ.లు నువ్వు రాయి, సున్నాలో చుక్క పెట్టాలా వద్దా అన్నది ఆయన్నే అడుగు. రెండు సీజన్లయితే ఆయన చుక్కకి ఎన్ని మి.మీ. కావాలో తేలుతుంది. ముందు ఆ ఎనిమిదింటినీ ఒక్కో పేజీ ఫొటో తీసి దాచు, అటక మీద చెదలుంటాయి.

వానమాపకాన్ని గోడకూ చెట్టుకూ వాటి ఎత్తుకి రెండింతలైనా దూరంగా పెట్టు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకే చూడాలి. వాన లేని రోజు కూడా సున్నా అని రాయాలి, ఖాళీ వదిలితే చూడలేదో పడలేదో తర్వాత ఎవరికీ తెలీదు. నువ్వు కాలేజీకి పోయాక ఎవరు చూస్తారో ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకో.