మూడేళ్లుగా మోడళ్లే చేస్తున్నాను. డిజైన్ ఇంజనీరుగా ఎదగడం ఎలా?

ప్రశ్న (కడప మెకానికల్):

కడప జిల్లాలో మెకానికల్ బీటెక్ పూర్తిచేసి, హైదరాబాదులోని ఒక ఇంజనీరింగ్ సేవల సంస్థలో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. హోదా డిజైన్ ఇంజనీరే అయినా, విదేశీ క్లయింట్లు పంపే పాత డ్రాయింగులను చూసి సాలిడ్‌వర్క్స్‌లోనో క్రియోలోనో త్రీడీ మోడళ్లు చేయడం, వాటి నుంచి మళ్లీ డ్రాయింగులు తీయడం తప్ప, నేను సొంతంగా నిర్ణయించిన కొలత ఇంతవరకు ఒక్కటి కూడా లేదు. మోడల్ చేసిన భాగాల్లో ఒక్కదాన్నీ చేత్తో పట్టుకొని చూడలేదు. తోటివారిలో చాలామంది సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లిపోయారు, ఇంట్లోనూ అదే మాట. నాకు మాత్రం యంత్రాలంటేనే ఇష్టం. వాటిలాంటిదే అయిన క్యాటియా సాఫ్ట్‌వేరు కూడా నేర్చుకుంటే దారి దొరుకుతుందా, లేక లోపం వేరే చోట ఉందా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పండి.

జవాబు (బాలానగర్ ఫిక్చర్లు):

లోపం వేరే చోటే ఉంది, దాన్ని మీరే గుర్తించారు. క్రియో బాగా తెలిసినవారికి క్యాటియా కొద్ది నెలల్లో పట్టుబడుతుంది. దానివల్ల మోడల్ చేయగల సంస్థల సంఖ్య పెరుగుతుందే తప్ప కొలతను నిర్ణయించే శక్తి రాదు.

6205 బేరింగునే తీసుకోండి. లోపలి వ్యాసం 25, బయటి వ్యాసం 52, వెడల్పు 15 మిల్లీమీటర్లు. అది ఎక్కే షాఫ్టును 25 అని మోడల్ చేయడానికి అర నిమిషం చాలు. డ్రాయింగు మీద ఆ 25 పక్కన ఏమి రాయాలన్నది తేల్చుకోవడమే డిజైన్. కె6 (షాఫ్టు కొలత ఏ హద్దుల్లో ఉండాలో చెప్పే ప్రామాణిక సంకేతం) అని రాస్తే షాఫ్టు 25.002 నుంచి 25.015 మధ్య ఉండి తీరాలి. బేరింగు బిగువుగా కూర్చుంటుంది, గ్రైండింగ్ ఖర్చు మాత్రం పెరుగుతుంది. ఏమీ రాయకుండా ±0.2 అనే సాధారణ టాలరెన్సుకు (కొలతలో అనుమతించే తేడాకు) వదిలేస్తే, టర్నర్ 24.9 తీసి ఇచ్చినా అతడిని తప్పు పట్టలేము. షాఫ్టు తిరుగుతూ భారం ఒకే దిక్కున పడే చోట అలాంటి వదులు ఉంటే, లోపలి రింగు షాఫ్టు మీద జారుతూ కొన్నాళ్లకు షాఫ్టునే అరగదీస్తుంది. ఈ రెంటి మధ్య ఎంపిక ఏ సాఫ్ట్‌వేరూ చేసిపెట్టదు.

నా మొదటి ఉద్యోగంలో జరిగిన పొరపాటు కూడా చెప్పాలి. అమెరికా నుంచి వచ్చిన డ్రాయింగు థర్డ్ యాంగిల్‌లో ఉంటే, కాలేజీలో అలవాటైన ఫస్ట్ యాంగిల్ ప్రకారం చదివి మోడల్ ఇచ్చాను. వస్తువును వేర్వేరు వైపుల నుంచి చూసిన బొమ్మలను కాగితం మీద అమర్చే రెండు పద్ధతులివి. 40 బ్రాకెట్లు కుడి ఎడమలు తారుమారై, అద్దంలో ప్రతిబింబాల్లా తయారయ్యాయి. అవి దేనికీ బిగియవని అసెంబ్లీ దగ్గర నిలబడి చూసినది నేనే. అప్పటి నుంచి ఏ డ్రాయింగు చేతికొచ్చినా మొదట నా కన్ను వెళ్లేది టైటిల్ బ్లాకులో (వివరాలు రాసే మూల గడిలో) ఏ యాంగిలో తెలిపే గుర్తు మీదికే.

కాబట్టి వారానికి ఒక పూటైనా వర్క్‌షాపులో గడపండి. బాలానగర్‌లో 1968 నుంచి నడుస్తున్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో మీ ఉద్యోగ వేళలకు కుదిరే కోర్సు ఏదైనా ఉందేమో కనుక్కోండి. చుట్టుపక్కల జాబ్‌వర్క్ చేసే చిన్న షెడ్లు కూడా ఉన్నాయి. మర్యాదగా అడిగితే పని చూడనిచ్చేవారు దొరుకుతారు.

జవాబు (ప్లాస్టిక్ మోల్డులు, చెన్నై):

పై మాటలతో ఏకీభవిస్తాను, కానీ జీతం సంగతి దాచకూడదు. తొలి ఏళ్లలో సాఫ్ట్‌వేరులోని స్నేహితులతో పోల్చుకుంటే మనసు కష్టపడుతుంది. ఇంటి బాధ్యతలు ఉన్నవారు ఆ లెక్క చూసుకోవడంలో తప్పేమీ లేదు. ఉండాలనే నిశ్చయించుకుంటే, ఉద్యోగం మారకముందే మీ సంస్థలో ఇంజనీరింగ్ చేంజ్ నోట్లు చూసే బృందంలోకి పంపమని అడగండి. ఒక భాగాన్ని ఎందుకు మార్చారో అందులో రాసి ఉంటుంది. నేను పని నేర్చుకున్నది అక్కడే. ప్లాస్టిక్ మూతకు బలం రావాలని పక్కటెముకలను (లోపలివైపు నిలబెట్టే సన్నని పట్టీలను) గోడంత మందంగా పెట్టిన ఒక డిజైనులో, బయటివైపు గుంటలు పడ్డాయి. మందంగా ఉన్నచోట ప్లాస్టిక్ ఆలస్యంగా చల్లారి లోపలికి కుంగడమే అందుకు కారణం. పక్కటెముకను గోడ మందంలో సుమారు 60 శాతానికి తగ్గించి, మోల్డు నుంచి సులువుగా ఊడిరావడానికి ఒక డిగ్రీ వాలు ఇచ్చాక సరిపోయింది. అలాంటి నోట్లు వంద చదివితే, కొత్త భాగం గీసేటప్పుడు చేయి దానంతటదే ఆగి ఆలోచిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. బృందం మార్పు గురించి సోమవారమే మేనేజరుగారిని అడుగుతాను. ఈలోగా ఇంట్లో ఏ సాధనతో మొదలుపెట్టమంటారు?

జవాబు (బాలానగర్ ఫిక్చర్లు):

ఒక చిన్న బెంచ్ వైసు (ముక్కను దవడల మధ్య బిగించి పట్టే సాధనం) కొని, పూర్తిగా విప్పి, ప్రతి భాగాన్నీ వెర్నియరుతో కొలిచి, టాలరెన్సులతో సహా డ్రాయింగులు గీయండి. ఎక్కడ వదులు ఉండాలి, ఎక్కడ ఉండకూడదు అన్నది ప్రతి కొలత దగ్గరా కారణంతో రాసుకోండి. తరువాత కదిలే దవడ డ్రాయింగును ఒక మిల్లింగ్ ఆపరేటరుకు చూపి, ఈ ముక్క చేయగలరా అని అడగండి. "దీన్ని ఎక్కడ పట్టుకోవాలి, ఏ ముఖం నుంచి కొలవాలి?" అని ఆయన అడిగితే, ఆ జవాబు డేటమ్‌ల (కొలతలకు ఆధారంగా తీసుకునే ముఖాల) రూపంలో కాగితం మీదే కనిపించేలా మళ్లీ గీయండి. రెండు డ్రాయింగులూ ఇక్కడ పెట్టండి, తప్పక చూసి చెబుతాను.