మార్కెట్ యార్డులో వేరుశనగకు అఫ్లాటాక్సిన్ పరీక్ష పెట్టాలా?

మెట్టరైతు:
యార్డులో కాయల తేమ చూస్తారు, పప్పు శాతం చూస్తారు. ఇక అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కూడా చూసి ధర కట్టాలట. నేను ఒప్పుకోను. అనంతపురం మెట్ట పొలాల్లో కాయ ఊరే దశలో మూడు నాలుగు వారాలు వాన ముఖం చాటేస్తే నేల వేడెక్కుతుంది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు మట్టిలో ఉండగానే కాయలోకి దూరుతుంది. చెట్టు పీకకముందే పట్టిన విషానికి నా ధరలో కోత పెడితే, వాన కురవనందుకు నాకు జరిమానా వేసినట్టే.

పాడిగేదె:
అన్నా, ఆ కాయ తర్వాత ఎక్కడికి పోతుందో కూడా చూడండి. మంచి పప్పు ఏరి పక్కన పెడతారు. ముడతలు పడ్డవి, నల్లబడ్డవి నూనె మిల్లుకు పోతాయి. నూనెలోకి దిగే విషం కొంతే, ఎక్కువ భాగం నూనె తీశాక మిగిలే చెక్కలో ఉండిపోతుంది. ఆ చెక్క తినేది నా గేదెలు. తిన్న విషంలో నూటికి ఒకటి రెండు వంతులు అఫ్లాటాక్సిన్ ఎం1గా రూపం మార్చుకుని పాలలోకి వస్తుంది, కాచినా పోదు. 2018లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే 5.7 శాతంలో ఇది పరిమితి దాటింది. చెక్క మానేస్తే మూడు నాలుగు రోజుల్లో పాలు బాగుపడతాయి, నిజమే. ఆ నాలుగు రోజుల పాలు ఎవరు కొంటారు?

పాతకాలపువాడు:
మా తాతలు బూజు దులుపుకుని తిన్నారు. ఎవరూ పోలేదే!

పాడిగేదె:
పోయారండీ. 1974లో రాజస్థాన్‌లోని బాంస్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని కాలేయం చెడి 106 మంది చనిపోయారు. అక్కడి కుక్కలకూ అదే జబ్బు వచ్చింది. మీ తాతలకు ఏమీ కాలేదంటే సంతోషం, అయితే ఏళ్ళ తరబడి ఈ విషం తిని లివర్ క్యాన్సర్ వచ్చినవాళ్ళు వేరుశనగ పేరు చెప్పి పోరు కదా.

పరీక్షనాళిక:
నేను ల్యాబులో పని చేస్తాను. పరీక్ష పెట్టాలనే అంటాను, కానీ యార్డులో జరిగేది చూస్తే భయమేస్తుంది. ఈ విషం బస్తా అంతటా సమంగా ఉండదు. వేలాది గింజల్లో ఏ కొద్ది గింజల్లోనో గుట్టగా పేరుకుని ఉంటుంది. అందుకే ఒకే లాటులో రెండు చోట్ల పిడికెడేసి తీస్తే ఒకటి శుభ్రం, ఇంకొకటి ఘోరం అని రావచ్చు. కొన్ని కిలోలు తీసి, పొడి చేసి, బాగా కలిపి, అప్పుడు చూడాలి. పటాన్‌చెరులోని మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఈ విషాన్ని కొలిచే తక్కువ ఖర్చు ఎలైసా పరీక్ష కిట్ ఎప్పుడో తయారు చేసింది. మనకు లేనిది నమూనా తీసే ఓపిక. ఇంకో చిక్కు: ఏ గీత పెట్టాలి? ఇంకా శుద్ధి చేయాల్సిన గింజలకు మన దేశంలో పరిమితి కిలోకు 15 మైక్రోగ్రాములు, నేరుగా తినే పప్పుకు ఐరోపాలో 4.

మెట్టరైతు:
చూశారా! పిడికెడు గింజలతో నా ఏడాది కష్టానికి తీర్పు చెప్పేస్తారన్నమాట.

పరీక్షనాళిక:
అందుకే రైతు బస్తాకు కాదు, వ్యాపారి లాటుకు, మిల్లు చెక్కకు పెట్టమంటాను. అయితే తప్పంతా వానదే అనకండి. పచ్చి కాయను వామి వేసి వదిలేస్తే లోపల ఉక్కకు బూజు పెరుగుతుంది. అది మన చేతిలో పనే.

మెట్టరైతు:
చేతిలో పనే, కూలి మాత్రం నా జేబులోది. కాయలు పైకి వచ్చేలా చెట్లను తిరగేసి ఎండబెట్టిస్తాను, తేమ 8 శాతానికి దించుతాను. శుభ్రమైన కాయకు క్వింటాలుకు ఇంత ఎక్కువ ఇస్తామని ముందు రాసివ్వండి. కోత మాత్రమే ఉండే పరీక్ష అయితే యార్డు ముఖం చూడను, నేరుగా మిల్లుకే తోలుతాను.

పాడిగేదె:
అప్పుడు చెక్క మళ్ళీ నా కొట్టంలోకే వస్తుంది కదన్నా.