అప్‌డేట్: పీఎస్5 కాదు, చివరికి పీసీనే తీసుకున్నాం

పోయిన నెల అడిగాను కదా, తమ్ముడికి పీఎస్5 (సోనీ గేమింగ్ కన్సోల్) కొనాలా, గేమింగ్ పీసీ కట్టించాలా అని. పర్లాకిమిడిలో నాన్నగారి కొట్లో ఉన్న పాత కంప్యూటర్లోని ఇంటెల్ ప్రాసెసర్ పెంటియం 4 క్లాక్ వేగం కూడా 3 గిగాహెర్ట్జే, పీఎస్5 ప్రాసెసర్‌ది చూస్తే 3.5. ఇరవై ఏళ్లలో పెరిగింది ఇంతేనా అన్నది నా అసలు అనుమానం.

ఆ అనుమానం తీరింది. 2000లో 1.4, 1.5 గిగాహెర్ట్జ్‌లతో మొదలైన పెంటియం 4, 2004కల్లా 3.8కి చేరి అక్కడే ఆగింది. వేడి అడ్డం పడింది. 4 గిగాహెర్ట్జ్ మోడల్‌ని ఇంటెల్ విరమించుకుంది. అప్పటినుంచి పోటీ కోర్ల (ఒకే చిప్‌లో విడివిడిగా పనిచేసే ప్రాసెసర్ల) సంఖ్య మీదికి, ఒక్కో క్లాక్ టిక్కులో జరిగే పని మీదికి మళ్లింది. పీఎస్4, పీఎస్5 రెండింటిలోనూ ఎనిమిదేసి కోర్లే. కానీ పీఎస్4లోని ఆ 1.6 గిగాహెర్ట్జ్ జాగ్వార్ రకం కోర్లు ఎక్కడ, పీఎస్5లోని ఈ 3.5 గిగాహెర్ట్జ్ జెన్ 2 రకం కోర్లు ఎక్కడ!

ఆటలకే అయితే పీఎస్5 అనే ఇప్పటికీ అంటాను. తమ్ముడికి కోడింగ్ కూడా కావాలి కాబట్టి రైజెన్ 5 5600 ప్రాసెసర్‌తో పీసీ. సామాను బరంపురం నుంచి తెచ్చి ఇంట్లోనే బిగించాం. స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది. గంటసేపు ఒకటే టెన్షన్. తీరా చూస్తే మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకి పెట్టాం. ఈ చిప్‌లో గ్రాఫిక్స్ ఉండదు, కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. మార్చగానే బొమ్మ వచ్చింది. తమ్ముడి కేకకి అమ్మ వంటింట్లోంచి గరిటెతోనే వచ్చేసింది.

యూపీఎస్ తప్పక పెట్టుకోమన్న అన్నయ్యకి చాలా థాంక్స్. నిన్న వానకి రెండుసార్లు కరెంటు పోయింది, పీసీ ఆగలేదు.